ఎడమ చెవిలో మోగింది

"అరుగు మీద మనుషులున్నారు" అని జ్ఞానమ్మ కొడుక్కి మూడోసారి గుర్తుచేసింది.

రమేష్ బాబు గొంతు తగ్గించలేదు. ఉంటే ఉండనీ, వాళ్లకీ తెలియనీ అన్నాడు. ఎనిమిదింటికి కారు వస్తుంది, రెబెక్కాని రాజమండ్రి తీసుకెళుతున్నాను, చెవి డాక్టరు దగ్గర నిన్ననే పేరు రాయించాను, ఇందులో ఇంక ఎవర్నీ అడిగేది లేదన్నాడు. 'ఎవర్నీ' అన్నప్పుడు తండ్రి ఉన్న గదివైపు చూడాల్సివస్తుందని, చేతిగడియారం పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

ముందుగదిలో యెహెజ్కేలు సిరంజిల డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు. ఆ గదే ఆయన ఆసుపత్రి. ముప్ఫై ఏళ్లుగా ఊరికి ఆయనే వైద్యం. కాగితం మీద ఆర్‌ఎంపీ, జనం నోట్లో డాక్టరుగారు. గదికీ అరుగుకీ మధ్య ఉన్నది ఒక పూలగుడ్డ తెర. దాని అవతల నలుగురైదుగురు దగ్గు ఆపుకుని మరీ వింటున్నారు. అన్నేళ్లుగా ఆ దగ్గులు విన్న మనిషి కనక, ఎవరు ఆపుకుంటున్నారో కూడా ఆయనకు తెలుసు.

నిన్న చర్చిలో పాట ఆగిపోయినప్పటినుంచి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తొమ్మిదేళ్లుగా కోయిర్ నడుపుతున్న రెబెక్కా, రెండో చరణం ఎత్తుకున్నాక శ్రుతి జారిపోయిన సంగతి పక్కవాళ్ల మొహాలు చూసి తెలుసుకుంది. కుడిచెవి మీద అరచెయ్యి పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. పాస్టరుగారు ఏమీ జరగనట్టు ప్రార్థనలోకి వెళ్లిపోయారు. బయటికి వచ్చాక, గేటు దగ్గర, మొగుడికి చెప్పింది. "ఇది దిబ్బడ కాదండి. కుడిపక్క అసలేమీ వినపడటం లేదు. పన్నెండు రోజులైంది."

జ్ఞానమ్మ బాధ వేరు. జలుబు ఇంట్లో అందరికీ వచ్చింది, అందరికీ తగ్గింది. ఈవిడ ఒక్కదానికి చెవి పట్టేసింది, అదీ తగ్గుతుంది. చిటికెడు జలుబుకి కారు కట్టించుకుని రాజమండ్రి పోవాలా అని ఆవిడ వంటింట్లోంచే అడుగుతోంది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చింది.

"ఇంట్లో మనిషినే ఇంకో డాక్టరుకి చూపించుకుంటున్నారంటే, రేపు ఈ అరుగు మీద ఎవరు కూర్చుంటార్రా?"

"నేను దాని చెవి గురించి మాట్లాడుతున్నానమ్మా."

"నేను మీ నాన్న చేతి గురించి మాట్లాడుతున్నాను."

తెర అవతల ఎవరో ఇక ఆపుకోలేక దగ్గేశారు.

ఆ ఊళ్లో ఎవరూ మందు పేరు అడగరు. డాక్టరుగారి హస్తవాసి మంచిదంటారు. అదే మాత్ర రావులపాలెంలో కొనుక్కుని మింగితే పనిచెయ్యదు, ఆయన చేత్తో ఇస్తే పనిచేస్తుంది. మొదట్లో యెహెజ్కేలు లోపల నవ్వుకునేవాడు. నవ్వుకోవడం ఎప్పుడు మానేశాడో, నమ్మడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఆయనకే గుర్తులేదు. ఈ మధ్య వీరాస్వామి కోడల్ని జ్వరానికి కాకినాడ తీసుకెళ్లారని తెలిసినప్పుడు మాత్రం, రెండు రోజులు ఆయనకి నిద్ర సరిగ్గా పట్టలేదు. జ్వరం తగ్గిందని విన్నాక మూడో రోజు కూడా పట్టలేదు.

జలుబు సంగతి ఆయనకు తెలియక కాదు. అసలు ఆ చుట్టుపక్కల జలుబుకి సూది వెయ్యని ఆర్‌ఎంపీ ఆయనొక్కడే. దీనికి మందు లేదయ్యా, వేడినీళ్లు తాగు, ఆవిరి పట్టు, ఉప్పునీళ్లు పుక్కిలించు, వాము మూట వాసన చూడు, నాలుగు రోజులు చేలోకి దిగకు అని పంపేసేవాడు. ఆ వెనకే ఇంకో మాట చెప్పేవాడు. పదిరోజులకీ తగ్గకపోయినా, తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా, మొహం ఒకపక్క పోటెత్తినా, కన్ను వాచినా, ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేసినా నా అరుగు మీద కూర్చోకండి, తిన్నగా పెద్ద డాక్టరు దగ్గరికి పొండి. ఇలా చెప్పి ఎంతమందికి చీటీలు రాశాడో లెక్కలేదు.

కోడలికి మాత్రం చీటీ రాయలేదు.

జలుబు పట్టుకున్న ఆరోరోజు పొద్దున్న రెబెక్కా తను పాఠాలు చెప్పే బడికి బయల్దేరబోతూ ఫోను కుడిచెవి దగ్గర పెట్టుకుంది. లైను పోయిందనుకుంది. ఎడమచెవికి మార్చితే అవతలి మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ మాట నవ్వుతూనే వచ్చి మామగారికి చెప్పింది. ఆయన బల్ల సొరుగులోంచి ట్యూనింగ్ ఫోర్కు తీశాడు.

రెండు ఉక్కు కొమ్ముల ఆ ఫోర్కు రాజరత్నం డాక్టరుగారిది. మిషను ఆసుపత్రిలో ఆయన దగ్గర యెహెజ్కేలు పదకొండేళ్లు కాంపౌండరుగా చేసి వచ్చేసేటప్పుడు, ఇది నీ దగ్గరుంచు, మనిషి అబద్ధం చెప్పినా ఇది చెప్పదు అని ఇచ్చారు. మోకాలికేసి కొట్టి నుదుటి మధ్య ఆనించాలి. చెవిలో గుబిలో కఫమో అడ్డం ఉంటే మోత ఆ చెడిన చెవిలోనే గట్టిగా వినపడుతుంది. లోపల నరం దెబ్బతింటే మంచి చెవిలో వినపడుతుంది. మంచి చెవిలో మోగిందా, నీ చేతుల్లో ఏమీ లేదు యెహెజ్కేలూ, గంట కూడా ఉంచుకోకు, పంపెయ్ అనేవారు రాజరత్నంగారు.

ఆ పొద్దున్న ఫోర్కు కొట్టి కోడలి నుదుటి మీద పెట్టాడు. ఎటు మోగుతోందమ్మా అని అడిగాడు.

"ఎడమవైపండీ మావయ్యగారూ."

చెడింది కుడిచెవి. ఆయన ఫోర్కు తుడిచి సొరుగులో పెట్టాడు. కఫం పేరుకుంది, ఆవిరి పట్టమ్మా, తగ్గిపోతుంది అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఈ పన్నెండు రోజులూ ఆయన తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నాడు. చెయ్యి వణికి ఫోర్కు సరిగ్గా ఆనలేదేమో అనుకోవడానికి ఆ పొద్దున్న వీలు దొరికింది. దాన్ని పట్టుకున్నాడు. తన చెయ్యి వణుకుతుందని ఆయన ఎవరిముందూ ఒప్పుకోడు. తనకు పనికొచ్చినప్పుడు మాత్రం ఒప్పుకున్నాడు. మర్నాడు మళ్లీ పెట్టి చూస్తే తేలిపోయేది. తేలిపోతుందనే పెట్టలేదు.

దాని అడుగున ఇంకొకటి ఉంది. రెండు నెలల కిందట వంటింట్లో రెబెక్కా మొగుడితో అనడం ఆయన విన్నాడు. మావయ్యగారి చెయ్యి వణుకుతోందండి, సూదులు మానెయ్యమని మీరైనా చెప్పండి అంది. అందులో వెటకారం లేదు, తిట్టు లేదు, నిజం ఒక్కటే ఉంది. దాన్ని ఆయన క్షమించలేకపోయాడు. మోత ఎడమవైపు వెళ్లిందని ఆ పిల్ల చెప్పిన క్షణంలో, భయం కంటే ముందు ఇంకేదో ఆయన గుండెలో మెదిలింది. నా చేతుల్లో ఏమీ లేదని, అందరిలోకీ ఈ పిల్ల దగ్గరే ఒప్పుకోవాలా? నాలుగు రోజులు చూద్దాం అనుకున్నాడు. నాలుగు రోజులయ్యాక, ఇన్నాళ్లు ఎందుకు ఆగారని అడుగుతారు కనక ఇంకో నాలుగు రోజులు చూడాల్సివచ్చింది.

వీధిలో కారు హారను మోగింది.

రెబెక్కా నడవలోంచి వచ్చింది. నడకలో చిన్న తూలు ఉంది, గోడని వేళ్లతో తాకుతూ నడుస్తోంది. గుమ్మంలో ఆగి మొగుడితో, మావయ్యగారు కూడా రావాలండి అంది. ఏ మందులు ఎన్నిరోజులు వాడానో డాక్టరు అడిగితే చెప్పాల్సింది ఆయనే కదా అంది.

తెర తీసి అరుగు మీదివాళ్లతో ఈ పూటకి చూడరు, సాయంత్రం రండి అని చెప్పాల్సిన పని జ్ఞానమ్మ మీదే పడింది. ఎక్కడికండీ అని ఒకరు అడిగితే, పనుంది అని మాత్రం అంది.

అరుగు చివర చిట్టియ్య కూర్చుని ఉన్నాడు. అరటితోటల్లో గెలలు కోసే మనిషి, వయసు యాభై దాటింది. తలగుడ్డ తీసి లేచి నిలబడ్డాడు. తెర వెనక మాటలన్నీ విన్నాడు, విననట్టు నటించడం అతనికి చేతకాదు.

"నన్ను పోయినేడు ఆ రోజుకారోజే బస్సెక్కించేశారు కదండీ డాక్టరుగారూ. అమ్మగారికి ఇన్నాళ్లు పట్టిందేంటండీ?"

అందులో ఎత్తిపొడుపు లేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

ఒక్కొక్కరిది ఒక్కో తీరు చిట్టియ్యా అని యెహెజ్కేలు మెట్లు దిగబోయాడు. వెనక రెబెక్కా ఆగిపోయింది. తల కొంచెం తిప్పి, ఎడమచెవి చిట్టియ్యవైపు పెట్టింది.

"ఏం చూసి పంపారు మిమ్మల్ని?"

"ఆ ఇనప ముక్క ఉంది కదండీ, మోగేది. నుదుటి మీద పెట్టేరండి. ఎక్కడ మోగిందిరా అంటే, బాగున్న చెవిలో అన్నానండి. అంతే, కంచం ముందు కూర్చున్నోణ్ణి లేపేసి పంపేశారు. ఆ పెద్ద డాక్టరు కూడా అన్నారండి, మీ ఊరాయన మంచి పని చేశాడు, ఇంకో పదిరోజులైతే నేనేం చేద్దును అని." చిట్టియ్య చెవి తడుముకుని నవ్వాడు. "ఇప్పుడు శుభ్రంగా వినపడుతుందండి. ఆయన హస్తవాసి."

రెబెక్కా తలాడించింది. కారు దాకా గోడ పట్టుకోకుండా నడిచింది.

రమేష్ బాబు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో రెబెక్కా డ్రైవరు వెనక్కి జరిగింది, యెహెజ్కేలు ఇటు చివర కూర్చున్నాడు. అలా కూర్చుంటే ఆవిడ ఎడమచెవి ఆయనవైపే ఉంది. అది అనుకోకుండా జరిగిందా, అనుకునే కూర్చుందా అని ఆయన రావులపాలెం వచ్చేదాకా ఆలోచించాడు.

సెంటర్లో గెలల బళ్లకీ, కార్తీక సోమవారమని ద్రాక్షారామం బయల్దేరిన కార్లకీ మధ్య పావుగంట ఇరుక్కుపోయారు. రమేష్ బాబు డ్రైవర్ని విసుక్కున్నాడు. రెబెక్కా కిటికీలోంచి చూస్తోంది. ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాడు యెహెజ్కేలు. కారు కదిలింది. వంతెన ఎక్కాక చెప్పొచ్చు అనుకున్నాడు. ఇసుక మేటల మధ్య గోదావరి సన్నగా, మాసిన గాజురంగులో కనపడింది. జొన్నాడ దాటిపోయింది. ఆవిడ ఆ చెవి అలాగే ఆయనవైపు ఉంచి కూర్చుంది. ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. ఆవిడ వెంటనే ఇటు తిరిగింది.

"ఏంటండీ మావయ్యగారూ?"

"ఏం లేదమ్మా. ఏసీ చల్లగా ఉందేమో, జలుబు మనిషివి."

"జలుబు తగ్గి పదిరోజులైందండి" అంది రెబెక్కా. మళ్లీ కిటికీవైపు తిరిగింది.

రాజమండ్రిలో చెవి డాక్టరు ఇంద్రజకి నలభై ఏళ్లుండవు. ముందు గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి వినికిడి పరీక్ష చేయించింది. కాగితం మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి పైన తిన్నగా వెళ్లింది, రెండోది మొదట్లోనే కిందికి కూలిపోయింది. అలాంటి గీతలు చదవడం రాని రమేష్ బాబుకి కూడా అది అర్థమైంది.

డాక్టరు నెమ్మదిగా చెప్పింది. జలుబు చేసిన వైరసే లోపలి చెవికి తగిలి ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేం. చెవి దిబ్బడేసినట్టే ఉంటుంది కనక అందరూ జలుబే అనుకుని ఊరుకుంటారు. మొదటి రోజుల్లో మందు పడితే చాలామందికి వినికిడి తిరిగొస్తుంది. రోజు గడిచినకొద్దీ ఆ ఆశ తగ్గుతుంది. ఇవాళే మాత్రలు మొదలుపెడదాం, అవసరమైతే చెవిలోకి ఇంజక్షను కూడా ఇస్తాం.

"మళ్లీ పాడగలనాండీ?" అని అడిగింది రెబెక్కా. ఆ రోజంతట్లో తనకోసం ఆవిడ అడిగింది అదొక్కటే.

"ఎంత తిరిగొస్తుందో ఇప్పుడు నేను చెప్పలేనమ్మా. మొదటి వారంలో వచ్చుంటే ఇంకొంచెం ధైర్యంగా మాట్లాడేదాన్ని."

అని, బల్ల మీది గ్లాసులోంచి ట్యూనింగ్ ఫోర్కు తీసింది. యెహెజ్కేలు దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. కొత్తది, మెరుస్తోంది, అంతే తేడా. డాక్టరు మోచేతికేసి కొట్టి రెబెక్కా నుదుటి మీద ఆనించింది. ఆ చెయ్యి కొంచెం కూడా కదల్లేదు.

"ఎటమ్మా?"

"ఎడమవైపండి. మా మావయ్యగారు కూడా ఇలాగే పెట్టి చూశారండి."

డాక్టరు తలెత్తి ఆయనవైపు చూసింది. మా నాన్నగారండి, ఊళ్లో ఆర్‌ఎంపీ అన్నాడు రమేష్ బాబు. ఆవిడ మొహంలో తేలికభావం ఏమీ కనపడలేదు, పైగా మెచ్చుకోలు కనపడింది. ఫోర్కు వాడటం తెలిసిన ఆర్‌ఎంపీని నేనెక్కడా చూడలేదండి అంది. ఆయనకి ఆ మాట సూదిలా దిగింది.

"ఎప్పుడు చూశారు?" అని రెబెక్కాని అడిగింది.

"చెవి పోయిన రోజేనండి."

"అప్పుడు ఎటు మోగింది?"

పెన్ను కాగితం మీద ఆగి ఉంది. రమేష్ బాబు పెళ్లానివైపు చూస్తున్నాడు. యెహెజ్కేలు తన మోకాళ్లవైపు చూసుకున్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు.

"గుర్తు లేదండి" అంది రెబెక్కా.

కోయిర్‌లో ఎవరు ఏ పాటలో ఎక్కడ తప్పారో ఏడాది తర్వాత కూడా చెప్పే మనిషి. పొద్దున్న చిట్టియ్యని అడిగి మరీ తెలుసుకున్న మనిషి. యెహెజ్కేలుకి గుండె మీదినుంచి ఒక బరువు దిగినట్టయింది, ఆ వెంటనే అంతకు రెట్టింపు బరువు వచ్చి కూర్చుంది. ఆ పిల్ల తనని కాపాడింది. కాపాడుతూ ఆయన మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరు మందులు రాసిచ్చింది.

బయట వసారాలో పొడుగాటి బల్ల మీద కూర్చున్నారు. రమేష్ బాబు చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్లాడు. యెహెజ్కేలు కోడలి ఎడమపక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు.

రెబెక్కా లేచింది. ఫైలు తీసుకుంది, ఆయన ముందునుంచి నడిచి, ఆయనకి అటుపక్కన కూర్చుంది. ఇప్పుడు ఆయనవైపు ఉన్నది ఆవిడ కుడిచెవి.

ఆయనకి అర్థం కావడానికి క్షణం కూడా పట్టలేదు. దారి పొడుగునా ఆ మంచి చెవి తనకోసం తెరిచి ఉంచింది. వంతెన దాటింది, జొన్నాడ దాటింది, తను ఏసీ గురించి మాట్లాడాడు. గడువు అయిపోయింది.

అయినా చెప్పాడు. బహుశా ఇప్పుడు కనకనే చెప్పగలిగాడు. ఎదుట గోడవైపు చూస్తూ, వినపడని చెవికి చెప్పాడు.

"ఎడమవైపే అన్నావమ్మా. నాకు ఆ రోజే తెలుసు."

రెబెక్కా కదల్లేదు. ఫైలు అంచు మీద అటూ ఇటూ తిరుగుతున్న బొటనవేలు మాత్రం ఆగింది. విన్నందుకు ఆగిందో, ఊరికే ఆగిందో ఆయనకి తెలియలేదు. ఇంకోసారి చెప్పే ధైర్యం ఆయనకి లేదు.

రమేష్ బాబు మందుల కవరుతో వచ్చాడు. మొదటి మాత్ర ఇక్కడే వేసుకోమన్నారు, ముందు ఏదన్నా తినాలట, కేంటీన్లో ఇడ్లీ ఉంది అంటూ, ఇద్దరి మొహాలూ చూసి ఆగాడు.

రెబెక్కా కవరు అందుకుని, మొగుడివైపు తలెత్తింది. గొంతులో కోపం లేదు.

"మావయ్యగారు ఇప్పుడే ఏదో చెప్పారండి. నాకు ఆ పక్క వినపడదు కదా. మీరు అడగండి."

రమేష్ బాబు తండ్రివైపు తిరిగాడు.

"ఏంటి నాన్నా?"